ఎలక్ట్రిక్ క్యాంపర్ వ్యాన్ వచ్చేలోపు బెంగళూరులో ఉండి మనం చేసుకోగలిగిన పనులు

బండిలోనే వండుకుని, బండిలోనే పడుకుని, పొద్దున్నే లేచి ఇంకో ఊరికి బయల్దేరే ఎలక్ట్రిక్ వ్యాన్ మన రోడ్ల మీదికి ఎప్పుడొస్తుందని మా వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్లు నలుగురు కలిస్తే చాలు, మాట వస్తుంది. నా జవాబు ఒక్కటే. వచ్చేదాకా ఆగకండి, సాధన ఇప్పుడే మొదలుపెట్టండి. మామూలు ఎలక్ట్రిక్ కారు ఉన్నా చాలు, లేకపోతే శని ఆదివారాలకు అద్దెకు తెచ్చుకున్నా చాలు. మీ ఇంటిల్లిపాదికీ ఒక రాత్రి బయట గడవడానికి ఎన్ని యూనిట్ల కరెంటు కావాలో తెలిస్తే, రేపు వచ్చే వ్యాన్లలో ఏది మీకు పనికొస్తుందో మీరే చెప్పగలరు. అది తెలియకుండా బ్రోషర్‌లో సోఫా, సింకు చూసి అడ్వాన్స్ కట్టేశారంటే మొదటి ట్రిప్పులోనే గొడవ మొదలవుతుంది.

నాకు దీని మీద ఇంత పట్టుదల ఎందుకో చెప్తాను. ఒకసారి అమ్మానాన్నలతో కలిసి డీజిల్ క్యారవాన్ అద్దెకు తీసుకుని వెళ్లాం. రాత్రి ఏసీ కోసం జనరేటర్ వేస్తే ఆ మోతకి అమ్మ తెల్లారేదాకా కూర్చునే ఉంది, ఆపేస్తే ఉక్కపోతకి పిల్లలు లేచి ఏడ్చారు. పైగా ఇంజిన్ ఆన్‌లో పెట్టుకుని ఏసీలో నిద్రపోతే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరి ప్రాణం తీస్తుంది, ఇది ఎవరూ తేలిగ్గా తీసుకోకూడని విషయం. ఎలక్ట్రిక్ బండిలో పొగ లేదు, మోత లేదు, కింద పెద్ద బ్యాటరీ ఎలాగూ ఉంది. మన ఎండలకి, పెద్దవాళ్లతో ప్రయాణం చేసే మన అలవాటుకి ఇంతకంటే సరిపోయే బండి నాకు కనిపించలేదు.

మరి ఇంత బాగుంటే ఇన్నాళ్లు ఎందుకు పట్టింది? బరువు వల్ల. ఎంత ఆలస్యమైందో చూడండి, ఫోక్స్‌వ్యాగన్ తన పాత వ్యాన్‌ని 1950లో మొదలుపెట్టింది, దాన్నే గుర్తుచేసేలా ఎలక్ట్రిక్‌లో ఐడీ బజ్ నమూనాని 2017లో చూపించింది, అసలు బండిని 2022లో బయటపెట్టింది. అమెరికాలో క్యాంపర్లు కట్టే విన్నెబాగో కంపెనీ అదే 2022 జనవరిలో ఫోర్డ్ వ్యాన్‌ని ఎలక్ట్రిక్‌గా మార్చి కట్టిన క్యాంపర్‌ని చూపించినప్పుడు ఒక్క చార్జికి చెప్పిన దూరం 125 మైళ్లు, అంటే 200 కిలోమీటర్లు. 100 యూనిట్లు పట్టే బ్యాటరీ అటూఇటూగా 600 కిలోలు తూగుతుంది. దాని పైన మంచాలు, అల్మరా, ఫ్రిజ్, 100 లీటర్ల నీళ్లు (అదొక్కటే 100 కిలోలు), నలుగురు మనుషులు. యూరప్‌లో మామూలు కారు లైసెన్సుతో సాధారణంగా 3,500 కిలోల వరకే నడపనిస్తారు కాబట్టి వాళ్లకి అక్కడే మెడ మీద కత్తి. మనకి ఆ చిక్కు లేదు, ఎల్ఎంవీ లైసెన్సుతో 7,500 కిలోల బండి వరకు నడపొచ్చు. మన ఇబ్బందులు వేరే, అవి కింద చెప్తాను.

ముందు యూనిట్ల లెక్క

ఒక కిలోవాట్ అవర్ అంటే మన కరెంటు బిల్లులో ఒక యూనిట్, అంతే. అందుకని కిలోమీటర్లలో ఆలోచించడం కాసేపు పక్కన పెట్టి యూనిట్లలో ఆలోచించండి. ఆన్‌లైన్‌లో ప్లగ్‌కి పెట్టుకునే చిన్న కరెంటు మీటర్ దొరుకుతుంది, దాన్ని కొని ఒక వారం పాటు ఇంట్లో వాడే వస్తువులన్నీ దాని ద్వారా నడిపి ఒక పుస్తకంలో రాసుకోండి. మేం నలుగురం. ఇండక్షన్ స్టవ్ మీద పప్పు, కూర, రైస్ కుక్కర్‌లో అన్నం, పొద్దున కాఫీ, ఉగ్గాని, అన్నీ కలిపి ఒకటిన్నర యూనిట్. చిన్న 12 వోల్టుల ఫ్రిజ్‌కి రోజుకి అర యూనిట్. ఫోన్లు, లాప్‌టాప్, చిన్న ఫ్యాను, లైట్లు కలిపితే కూడా అర యూనిట్ కాదు. ఎండాకాలంలో రాత్రి ఎనిమిది గంటల పాటు ఏసీ నడిస్తే నాలుగు యూనిట్లు, డిసెంబరులో సున్నా.

నన్ను ఆశ్చర్యపరిచింది స్నానం. పది లీటర్ల నీళ్లని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకి కాచాలంటే 0.4 యూనిట్ పడుతుంది, దాన్ని చల్లనీళ్లలో కలుపుకుంటే ఒక మనిషికి ఒక బకెట్. కాచేటప్పుడు వృథాగా పోయే వేడి కూడా కలిపితే నలుగురికి దాదాపు రెండు యూనిట్లు, అంటే వంటకంటే ఎక్కువ! బయటి దేశాలవాళ్లు చూపించే వీడియోల్లో ఈ లెక్క మీకు దొరకదు, పొద్దున్నే వేడినీళ్ల స్నానం చేసి గుడికి వెళ్లే మన ఇళ్ల లెక్క వేరు. మొత్తం కలిపితే మాకు వేసవిలో రాత్రికి ఎనిమిదిన్నర, చలికాలంలో నాలుగున్నర. మా కారు ఒక యూనిట్‌కి ఏడు కిలోమీటర్లు ఇస్తుంది, కాబట్టి వేసవి రాత్రి అంటే దగ్గర దగ్గర 60 కిలోమీటర్ల ప్రయాణాన్ని నిద్రలో ఖర్చుపెట్టినట్టు. ఎత్తైన వ్యాన్ గాలిని చీల్చుకుని వెళ్లాలి కనుక దానికి యూనిట్‌కి నాలుగు కిలోమీటర్లే వేసుకోండి. గండికోటకి ఇక్కడి నుంచి సుమారు 280 కిలోమీటర్లు, వ్యాన్‌లో అంటే 70 యూనిట్లు, రాత్రికి ఇంకో ఎనిమిదిన్నర. ఇప్పుడు 60 యూనిట్ల బ్యాటరీ వ్యాన్ కొనాలో 90 యూనిట్లది కొనాలో, దారిలో ఎన్నిసార్లు ఆగాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

పైకప్పు మీద సోలార్ ప్యానెల్ వేస్తాం, ఇక చార్జింగే అక్కర్లేదు అని ఎవరైనా అంటే నమ్మకండి. 400 వాట్ల ప్యానెల్ రెండు చదరపు మీటర్లు ఉంటుంది, మన ఎండకి రోజుకి ఒకటిన్నర యూనిట్ ఇస్తే గొప్ప. ఫ్రిజ్, ఫ్యాను, ఫోన్లు దాని మీద హాయిగా నడుస్తాయి, బండి నడవదు.

మొదటి రాత్రి పార్కింగ్‌లోనే

మొదటి సాధనకి ఎక్కడికీ వెళ్లొద్దు. మీ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనే ఒక శనివారం రాత్రి కారులో పడుకోండి. వెనక సీట్లు మడిచి, పైన ప్లైవుడ్ పలక వేసి, దాని మీద పరుపు. సీట్లు మాత్రం ఊడదీయించొద్దు, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిని కంపెనీ ఇచ్చిన రూపం నుంచి ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువాళ్లు ముందు అదే చూస్తారు. ఎత్తి పక్కన పెట్టగలిగే పలక అయితే ఏ గొడవా లేదు.

కారుకి వీటూఎల్ ఉందో లేదో చూసుకోండి, అంటే బండి బ్యాటరీ నుంచి మన ఇంటి సామాన్లకి 230 వోల్టుల కరెంటు ఇచ్చే సౌకర్యం. టాటా నెక్సాన్ ఈవీ 2023 మోడల్ నుంచి ఇది మన దగ్గర మామూలైపోయింది, ఎంజీ విండ్సర్ ప్రో, కియా క్యారెన్స్ క్లావిస్ ఈవీ, బీవైడీ ఈమ్యాక్స్ 7 లాంటి వాటిలో ఉంది, కొనేటప్పుడు ఏ వేరియంట్‌లో ఇస్తున్నారో అడగండి. సాధారణంగా మూడు, మూడున్నర కిలోవాట్ల వరకే ఇస్తుంది కాబట్టి ఇండక్షన్ స్టవ్, కెటిల్, హీటర్ మూడూ ఒకేసారి పెడితే ఆగిపోతుంది. ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకోవడం ఇంట్లోవాళ్లందరికీ అలవాటు కావాలి, మా ఆవిడకి కుదిరింది గానీ మా అత్తమ్మకి రెండు ట్రిప్పులు పట్టింది.

మొదటి రాత్రి నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. కారు ఆఫ్ చేసి, ముందున్న 12 వోల్టుల సాకెట్‌కి ఫ్రిజ్ పెట్టి పడుకున్నాను. ఎలక్ట్రిక్ కారులో కూడా మామూలు కారులో లాగే చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటుంది, తలుపులు, కంప్యూటర్లు, స్టార్టు బటన్ అన్నీ దాని మీదే ఆధారపడతాయి, కారు ఆన్‌లో ఉన్నప్పుడు పెద్ద బ్యాటరీ దాన్ని నింపుతూ ఉంటుంది, ఆఫ్ చేశాక నింపుతుందని నమ్మలేం. తెల్లారేసరికి చిన్నది ఖాళీ! కింద 40 యూనిట్లు ఉండి కూడా బండి కదల్లేదు. కింది ఫ్లోర్ అన్న జంప్ స్టార్టర్ తెచ్చి ఆదుకున్నాడు. అదే గండికోటలో అయి ఉంటే ఎంత టెన్షన్ పడేవాళ్లమో. కాబట్టి ఫ్రిజ్ కూడా వీటూఎల్ మీదే పెట్టండి, జంప్ స్టార్టర్ ఒకటి బండిలో ఉంచండి. కొన్ని కార్లు ఆగి ఉన్నప్పుడు కొంతసేపటికి ఏసీని వాటంతటవే ఆపేస్తాయి, ఆ సంగతి కూడా పార్కింగ్‌లోనే తేల్చుకోండి. ఏసీ ఉన్నా కిటికీ ఒక వేలు సందు తెరిచి, దోమతెర పెట్టండి. గ్యాస్ స్టవ్, బొగ్గుల కుంపటి బండి లోపల ఎప్పటికీ వద్దు.

తర్వాత లేపాక్షి, ఎర్తింగ్ సంగతి

రెండో సాధనకి లేపాక్షి సరైన దూరం. హెబ్బాళ్ నుంచి ఎక్కి చిక్కబళ్లాపురం, బాగేపల్లి దాటి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర తిరిగితే ఒకవైపుకి సుమారు 120 కిలోమీటర్లు, పోయి రావడానికి ఒక్క చార్జి చాలు, చార్జింగ్ దొరక్కపోయినా ఇల్లు చేరతారు. ఆ ధైర్యంతోనే మనం అక్కడ సాకెట్ వెతకడం నేర్చుకోవాలి.

ఎందుకంటే క్యాంపర్‌కి అసలు ఆధారం హైవే మీది ఫాస్ట్ చార్జర్ కాదు, రాత్రంతా దొరికే మామూలు 16 ఆంపుల సాకెట్. గంటకి మూడు యూనిట్ల లెక్కన పది గంటలు పెడితే 30 యూనిట్లు, అందులో పదో వంతు నష్టం పోయినా 27 లోపలికి చేరతాయి. మనం పడుకుంటున్నాం కదా, తొందరేముంది? పర్యాటక శాఖ హరిత హోటళ్లు, కల్యాణ మండపాలు, పెద్ద హోటళ్ల పార్కింగ్, రోడ్డు పక్క దాబాలు, ఎక్కడైనా ముందే ఫోన్ చేసి మర్యాదగా అడగండి, మీటర్ చూపించి యూనిట్‌కి ఇంత ఇస్తామని చెప్పండి, వాళ్లు అడిగిన దాని మీద ఒక రూపాయి ఎక్కువే ఇవ్వండి. మన తర్వాత వచ్చేవాళ్లకి ఆ సాకెట్ దొరకాలంటే ఈ మర్యాద చాలా ముఖ్యం.

సాకెట్ దొరికినా ఎర్తింగ్ లేకపోతే చాలా పోర్టబుల్ చార్జర్లు ఎర్ర లైటు చూపించి ఆగిపోతాయి. మన ఊళ్లలో ఇది నిత్యం ఎదురవుతుంది. పెనుకొండ పక్కన మా అత్తగారి ఊళ్లో ఇంటికి మూడు పిన్నుల సాకెట్లు అందంగా ఉన్నాయి గానీ మూడో రంధ్రం వెనక వైరే లేదు. ఎవరైనా చార్జర్‌ని మోసం చేయడానికి న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలిపేస్తాను అంటే ఒప్పుకోవద్దు, బండి ఒంటికి కరెంటు వచ్చి పిల్లలు ముట్టుకుంటే ఏమవుతుందో ఆలోచించండి. మామయ్యగారిని ఒప్పించి, ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి, పెరట్లో గొయ్యి తీసి ఉప్పు, బొగ్గు వేసి ఎర్త్ రాడ్ దింపించాం, ఒక పూట పని. ఇప్పుడు పండక్కి ఎప్పుడెళ్లినా చార్జింగ్ బెంగ లేదు, ఇంట్లో మోటారు ముట్టుకుంటే జిల్లుమనడం కూడా పోయింది. మీ ఊళ్లో, మీ చుట్టాల ఇళ్లలో ఇది ఇప్పుడే చేయించండి. బెంగళూరు చుట్టూ 250 కిలోమీటర్లలో హిందూపురం, మదనపల్లె, చిత్తూరు, కుప్పం, అనంతపురం, ఇలా మనవాళ్లు ఎక్కడ లేరు? ఒక్కో ఇంట్లో ఒక్కో ఎర్త్ ఉన్న సాకెట్ ఉంటే అదే మన చార్జింగ్ నెట్‌వర్క్.

సామాన్లలో సాకెట్ టెస్టర్ ఒకటి పెట్టుకోండి, ఎర్త్ ఉందో లేదో వెంటనే చెప్పేస్తుంది. ఎక్స్‌టెన్షన్ వైరు కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది, 15 మీటర్లు దాటితే 4ది తీసుకోండి, 16 ఆంపుల ప్లగ్‌తో. చుట్టగా ఉన్నప్పుడు వాడొద్దు, వేడెక్కి కరుగుతుంది, మొత్తం విప్పి పరచాలి. అరగంట తర్వాత ప్లగ్‌ని చేత్తో ముట్టుకుని చూడండి, కాలుతుంటే చార్జింగ్ ఆంపులు తగ్గించండి.

హైవే ఫాస్ట్ చార్జర్ల గురించి ఎక్కువ చెప్పను, అవి రోజురోజుకీ పెరుగుతున్నాయి. సీసీఎస్2 ప్లగ్ మన దగ్గర స్థిరపడింది, బెంగళూరు కరెంటు కంపెనీ బెస్కాంవాళ్ల ఈవీ మిత్ర యాప్‌తో పాటు ఇంకో రెండు మూడు యాప్‌లు పెట్టుకుని వాలెట్‌లో కొంచెం డబ్బు ముందే వేసుకోండి, బిల్లు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. ఒక్కటి గమనించండి: చాలా చోట్ల చార్జర్ పార్కింగ్ గడి కారు కొలతకి కట్టింది. ఆరు మీటర్ల వ్యాన్ అందులో నిలబడుతుందా, ప్లగ్ వైరు అందుతుందా, పైన రేకుల షెడ్డు ఎత్తు ఎంత? ఇప్పుడు వెళ్లే దారుల్లోనే ఫోటోలు తీసి దాచుకోండి.

ఘాట్ రోడ్డు

మూడో సాధన హార్స్‌లీ హిల్స్, మన ఏనుగు మల్లమ్మ కొండ. మదనపల్లె సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది, కొండ పైభాగం 1,265. మనుషులు, సామాను కలిపి 2,200 కిలోల కారుని ఆ 565 మీటర్లు పైకి ఎత్తడానికే మూడున్నర యూనిట్లు కావాలి, మామూలు రోడ్డు ఖర్చు దీనికి అదనం. 3,500 కిలోల వ్యాన్‌కి అయితే ఐదున్నర. భయపడేంత ఏమీ కాదు, కానీ కింద పది శాతంతో బయల్దేరితే మధ్యలో ఆగుతారు. దిగేటప్పుడు అందులో సగానికి పైగా బ్యాటరీలోకి తిరిగొస్తుంది, బ్రేకులు వేడెక్కవు. అయితే కొండ మీద రాత్రంతా నింపి వంద శాతంతో దిగకండి, నిండిన బ్యాటరీలోకి ఆ కరెంటు వెళ్లదు, మామూలు బ్రేకుల మీదే దిగాల్సొస్తుంది. ఎనభై దగ్గర ఆపేసి బయల్దేరండి.

అడవుల్లో, హైవే పక్కన రాత్రి ఆపి పడుకోవద్దు. బండీపూర్ దారి రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసే ఉంటుంది. ఆడవాళ్లు, పెద్దవాళ్లు ఉన్నప్పుడు బాత్రూమ్ దగ్గరలో ఉన్న, వాచ్‌మన్ ఉన్న చోటే ఎంచుకోండి, వ్యాన్‌లో టాయిలెట్ ఉన్నా దాన్ని ఎక్కడ ఖాళీ చేస్తారో ముందే అనుకోవాలి. కేరళ 2021లోనే క్యారవాన్ టూరిజం విధానం తెచ్చింది, ఆ తర్వాత వాగమోన్‌లో వీటి కోసమే పార్కు కూడా వచ్చింది, నీళ్లు, కరెంటు, మురుగు పారబోసే చోటు అన్నీ ఒకే దగ్గర ఉండేలా. గండికోటకీ లేపాక్షికీ అలాంటిది రావాలని నాకు చాలా కోరిక, హరిత హోటల్‌కి వెళ్లిన ప్రతిసారీ సలహాల పుస్తకంలో అదే రాసి వస్తాను, మీరూ రాయండి.

ఇంటి దగ్గర

టేపు తీసుకుని కిందికి వెళ్లి బేస్‌మెంట్ ర్యాంపు ఎత్తు కొలవండి, బోర్డు మీది అంకె చూసి ఊరుకోకండి, పైన వేలాడే పైపులు, స్ప్రింక్లర్లు కలిపి కొలవండి. మాది అన్నీ పోగా రెండు మీటర్ల పది సెంటీమీటర్లే తేలింది. లోపల నిలబడగలిగే ఎత్తున్న వ్యాన్లు రెండున్నర మీటర్లు దాటతాయి, కాబట్టి మాలాంటివాళ్లకి పైకప్పు గొడుగులా లేచే రకమే దారి, లేదా బయట పార్కింగ్. అసోసియేషన్ మీటింగుల్లో ఇది తేలడానికి నెలలు పడుతుంది. మా దగ్గర చార్జింగ్ పాయింట్ ఇవ్వడానికే ఒక ఏడాది వద్దన్నారు, నిప్పు అంటుకుంటుందని భయం. కోప్పడకుండా ఎలక్ట్రీషియన్‌తో లోడు లెక్క రాయించి, మా ఫ్లాట్ మీటర్ నుంచే వైరు, దానికి వేరే ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేది), ఆర్సీసీబీ (కరెంటు లీకైతే ఆపేది), ఖర్చు మాదే అని కాగితం మీద పెట్టాక ఒప్పుకున్నారు. 7.2 కిలోవాట్ల చార్జర్ 32 ఆంపులు లాగుతుంది, మీ ఫ్లాట్ శాంక్షన్డ్ లోడు, అంటే మీ ఇంటికి అనుమతించిన కరెంటు, మూడో నాలుగో కిలోవాట్లు ఉంటే బెస్కాంలో పెంచుకోవాలి, ఆ దరఖాస్తు ఇప్పుడే పెట్టండి.

కొనే రోజు వచ్చినప్పుడు

ముందు ఆర్సీలో ఏం రాసి ఉంటుందో అడగండి. మోటార్ క్యారవాన్లకి ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది, సొంతానికి వాడే క్యాంపర్ వ్యాన్ అని ప్రత్యేక తరగతి కూడా ఉంది. ఆ ఆమోద పత్రం చూపించకుండా, గూడ్స్ వ్యానో, ప్యాసింజర్ వ్యానో తెచ్చి లోపల మంచాలు బిగించి ఇస్తాం అంటే ఎంత చవకైనా వద్దు. నంబర్ ప్లేటు ఆకుపచ్చ మీద తెల్ల అక్షరాలైతే సొంత వాడకం, పసుపు అక్షరాలైతే కిరాయి, ఆ తేడాతో ట్యాక్స్, పర్మిట్ అన్నీ మారతాయి. కట్టేవాళ్లు కింద నారింజ రంగు వైర్లని ముట్టుకున్నారా అని తప్పకుండా అడగండి, అవి పెద్ద బ్యాటరీ హై వోల్టేజ్ వైర్లు, వాటి జోలికి వెళ్తే ప్రాణానికి ప్రమాదం, బ్యాటరీ వారంటీ కూడా పోతుంది. లోపలి ఫ్రిజ్, స్టవ్, ఏసీకి కరెంటు కంపెనీ ఇచ్చిన దారి నుంచి రావాలి, లేదా విడిగా చిన్న బ్యాటరీ నుంచి.

తర్వాత సామానుతో, నీళ్లతో, నలుగురు మనుషులతో నిండిన బరువు ఎంతో కాగితం మీద రాయించుకోండి, ఖాళీ బండి లెక్క కాదు. వేబ్రిడ్జి మీద ఎక్కించి చూపించమనండి. టెస్ట్ డ్రైవ్‌కి మీ యూనిట్ల పుస్తకం తీసుకెళ్లి, యూనిట్‌కి నిజంగా ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందో 80 వేగంలో ఒకసారి, 100 వేగంలో ఒకసారి చూడండి. ఇంట్లో పెద్దవాళ్లని వెంట తీసుకెళ్లి మెట్టు ఎక్కించండి, రాత్రి లేచి టాయిలెట్‌కి వెళ్లినట్టు చీకట్లో నడిపించి చూడండి. మెట్టు 40 సెంటీమీటర్లు దాటితే మా అమ్మ ఎక్కలేదు, ఆ కొలత నా పుస్తకం మొదటి పేజీలో ఉంది, యూనిట్ల లెక్క రెండో పేజీ.